సొరబుర్రలో ఊటనీళ్ళు

ఆ రోజు తెల్లవారింది గానీ ఆకాశం తెల్లబడలేదు. కొండల మీద పోడు కాల్చిన పొగంతా మెకాంగ్ నది మీదికి దిగి, రాత్రి పడ్డ నాలుగు చినుకులకు తడిసి, బరువెక్కి అక్కడే కూర్చుండిపోయింది. ఆ పొగలోంచి సూర్యుడు కోసిపెట్టిన బొప్పాయి ముక్కలా కనబడుతున్నాడు. కళ్ళు చికిలించకుండానే చూడొచ్చు. సీథన్ మేనల్లుడి ఇంటి మెట్ల మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూశాడు. వాన రాదు. పొగను తోసే గాలి మధ్యాహ్నం దాటితే గానీ లేవదు. ఊళ్ళో ఉంటే ఈపాటికి పోడు గట్టుకు వెళ్ళి, నిప్పు పక్కవాడి చేలోకి దాటిందేమో చూసుకునేవాడు.

ఇక్కడ చూసుకోవలసింది ఒక్కటే. తల మీద వాసానికి వేలాడుతున్న సొరబుర్ర.

అందులో వాళ్ళ ఊరి ఊటనీళ్ళున్నాయి. నిరుడు వానల ముందు వెదురు కొట్టడానికి వెళ్ళి సీథన్ కొండవాలున జారిపడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఎముకలు కట్టే ముసలాయన వెదురుబద్దలు పెట్టి కట్టి, మంత్రం ఊది, “లేస్తే లేస్తాడు” అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. వానలన్నీ, కోతలన్నీ సీథన్‌కు చాప మీదే గడిచాయి. ఆ రోజుల్లో అతని భార్య చంథా మొక్కుకుంది. ఈ మనిషి లేచి నడిస్తే, మా ఊటనీళ్ళు ఇతని చేత మోయించి, ఇతని చేతుల్తోనే ప్రబాంగ్ బుద్ధుడికి పోయిస్తాను అని.

లువాంగ్ ప్రబాంగ్ అనే ఈ ఊరికి ఆ పేరిచ్చిన బంగారు విగ్రహం అది. ఏడాదంతా పాత రాజుగారి ఇంట్లో కటకటాల వెనక నిలబడి ఉంటుంది. కొత్త సంవత్సరం పండక్కి మాత్రం పల్లకీలో పక్కనున్న గుడికి వచ్చి, మూడు రోజులు అందరి చేతి నీళ్ళూ పోయించుకుని వెళ్తుంది. ఇవాళ మూడో రోజు.

సీథన్ చలికాలంలోనే లేచి నడిచాడు. చంథా మనసే ఇంకా లేవలేదు. రాత్రిళ్ళు అతను పక్కకు ఒత్తిగిల్లితే చాలు, ఆమె లేచి కూర్చుంటుంది. అన్నం దగ్గర రెండు ముద్దలు తిని, మూడోది చేతిలో ఉండగానే, అతను మెట్లు దిగే చప్పుడు వింటూ అలాగే ఆగిపోతుంది. ఆ ముద్ద మళ్ళీ బుట్టలోకే పోతుంది. మొక్కు తీరేదాకా అది సొంతకాలు కాదు, అరువుకాలు అని ఆమె లెక్క. సీథన్‌కు కాలు గురించి భయం లేదు. ఆ మూడో ముద్ద గురించే.

“మామయ్యా, లేచావా! కాలెట్లా ఉంది?”

ఫొమ్మా కింద తన టుక్‌టుక్ బండి తుడుస్తూ అరిచాడు. సీథన్ చెల్లెలి కొడుకు. ఆ చెల్లెలు పోయి ఏళ్ళయింది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ చెట్లెక్కిన పిల్లాడు, ఇప్పుడు పరదేశీయులను ఎక్కించుకుని ఊరంతా తిప్పుతున్నాడు.

“ఉంది.”

“ఉన్నట్టు నాకూ కనబడుతోందిలే. నడుస్తుందా అని అడుగుతున్నా.”

“నడుస్తుంది.”

“అబ్బ! పొద్దున్నే రెండు మాటలు రాలాయి. ఇవాళ మంచి రోజే.” ఫొమ్మా గుడ్డ పిండి భుజాన వేసుకున్నాడు. “అయితే పదండి. అద్దాల చెట్టు గుడి, రాజుగారి ఇల్లు, ఫూసీ కొండ, జలపాతం. ఎక్కడెక్కడి వాళ్ళో సముద్రాలు దాటొచ్చి నా బండెక్కి చూసి పోతున్నారు. నా సొంత మామ చూడలేదంటే నా మొహాన ఉమ్మేస్తారు.”

చంథా లోపలి నుంచి వచ్చింది. అప్పుడే తలస్నానం చేసి, పట్టంచు లుంగీ కట్టుకుని, గుడికి బయల్దేరినట్టే ఉంది.

“ముందు మొక్కు. తర్వాతే వేడుక. మొక్కు అట్టే పెట్టుకుని ఊరేగితే స్వామికి ఒళ్ళు మండదూ?”

“పొద్దున్నే అక్కడ ఇసకేస్తే రాలదత్తయ్యా. నిన్న ఒకావిడ చెప్పులు ఒక వాకిట్లో విడిచి ఇంకో వాకిట్లోంచి బయటపడింది. మధ్యాహ్నం అన్నాల వేళకు పల్చబడతారు. అప్పుడు నేనే దింపుతా. అందాకా ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు, బల్లులు లెక్కపెడతారా?”

“కొండ…” అన్నాడు సీథన్.

ఇద్దరూ అతనివైపు తిరిగారు. అతను పెళ్ళి కాకముందు ఒకసారి నామ్ ఊ ఏటి మీద వెదురు తెప్ప తోసుకుంటూ ఈ ఊరు వచ్చాడు. తోటివాళ్ళు పగలు ఊరు చూడ్డానికి పోయారు. తెప్పకు కాపలాగా ఇతన్ని ఉంచారు. ఇసకతిన్నె మీద కూర్చుని, ఊరి నడిమధ్య లేచిన కొండనూ దాని కొసన మెరిసే బంగారు గోపురాన్నీ పొద్దుగూకే దాకా చూశాడు. సాయంత్రం వచ్చిన వాళ్ళు, “పైనుంచి నువ్వు చీమలా కనబడ్డావురా” అని నవ్వారు. ఆ చీమ ఎలా కనబడిందో పైనుంచి చూడాలని అతనికి అప్పటినుంచీ ఉంది. చంథాకు కూడా చెప్పలేదు.

“కొండా గిండా కుదరదు,” అంది చంథా. “ఆ కాలు నీళ్ళు మొయ్యడానికి లేచింది. మెట్ల మీద అరగదీయడానికి కాదు.”

చివరికి, మెట్లు లేని అద్దాల చెట్టు గుడి ఒక్కటే చూసి రావడానికి ఆమె ఒప్పుకుంది. సొరబుర్రను మాత్రం బండిలోకి రానివ్వలేదు. పండగ రోజు దారి పొడుగునా బిందెలతో నీళ్ళు కుమ్మరించేవాళ్ళే. ఆ తోపులాటలో ఊటనీళ్ళు ఒలికితే? బుర్ర మూతికి నిన్న పెట్టిన చంపా పూలు వాడిపోయాయని, పెరట్లో చెట్టు నుంచి నాలుగు తెల్లపూలు కోసి మూతి నిండా కుక్కింది. రెండు రెక్కలు లోపలికి రాలాయి. మంచిదే అనుకుంది.

“ఇంట్లో ఎవరన్నా ముట్టుకుంటారేమో.”

“ఎవరున్నారు? మణివన్ తెల్లారకముందే పనికి పోయింది. గెస్ట్‌హౌస్ వంటిల్లు దానిది. మధ్యాహ్నానికి వస్తుంది.”

మణివన్ ఫొమ్మా భార్య. వాళ్ళ పెళ్ళినాటికి సీథన్ చాప మీదున్నాడు, చంథా ఆ చాప పక్కనుంది. రాత్రి వీళ్ళు దిగేసరికి ఆ పిల్ల అలిసి నిద్రపోతోంది. ఇంకా మొహం మొహం చూసుకోలేదు.

*

బండి వీధి మలుపు తిరిగిందో లేదో, మొదటి బిందె పడింది.

“కొత్త సంవత్సరం చల్లగా ఉండాలి తాతా!”

“చల్లగానే ఉందిరా, నీ బిందె తగలెయ్య!” అని చంథా తిట్టి, వెంటనే చెయ్యెత్తి దీవించింది. పండగ నీళ్ళకు కోప్పడకూడదు. రెండో బిందె, మూడో బిందె, ఒక గొట్టం. ఒకచోట బండి ఆగితే, మసి పూసుకున్న పడుచువాళ్ళ గుంపులోంచి ఒక పరదేశపు పిల్ల వచ్చి, భయం భయంగా సీథన్ వైపు చూసి, అతను ఏమీ అనకపోయేసరికి కుండమసి వేలితో అతని చెంప మీద ఒక గీత గీసి పారిపోయింది.

“మామయ్యకు బొట్టు పెట్టింది!” ఫొమ్మా పడీపడీ నవ్వాడు. “అత్తయ్యా, చూసుకో మరి.”

“పెట్టనీ. ఆ మొహాన్ని ఇంకొకరు చూసి నవ్వడం ఇదే మొదలు.”

అద్దాల చెట్టు గుడిలో వెనక గోడ పొడుగునా ఎర్రటి నేల మీద రంగు అద్దాల ముక్కలతో అతికిన పెద్ద చెట్టు. పొగ ఎండలోనూ మెరుస్తోంది. జనం దాని ముందు నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. సీథన్ చెట్టుకు దగ్గరగా పోయి, మొదలు నుంచి కొస దాకా నెమ్మదిగా చూశాడు. కొమ్మలు ఎక్కడ చీలాయో, ఏ కొమ్మ ఏ కొమ్మకు నీడ పడుతుందో చూశాడు. ఒక పక్క కొమ్మలు కాస్త పొట్టిగా ఉన్నాయి. అటువైపు గాలి ఎక్కువై ఉంటుంది. అతికినవాడు చెట్లు చూసినవాడే.

“ఎట్లా ఉంది మామయ్యా?”

“బాగుంది.”

“అంతేనా! జర్మనీ ఆయనొకడు దీని ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు తెలుసా?”

“ఇంటెనక ఇన్ని చెట్లున్నాయి,” అంది చంథా. “ఏ రోజన్నా ఒక్కదాన్ని ఇట్లా చూశాడా? అద్దాలు అతికిస్తే గానీ చెట్టు కనబళ్ళేదు.”

మాటకు అంది గానీ ఆమె చూపు చెట్టు మీద లేదు. పొద్దు ఎంతెక్కిందో చూస్తోంది. మూతి చివర సన్నగా బిగిసిన గీత. సీథన్ దాన్ని చూసి, “పద,” అన్నాడు.

*

ఇంటి దగ్గర దింపి, “ఒక్క బేరం తగిలింది, ఇట్టే వస్తా” అని ఫొమ్మా వెళ్ళిపోయాడు. తడిసిన బట్టలు మార్చుకుని ఇద్దరూ అరుగు మీద చాపకు చేరేసరికి, లోపలి నుంచి మణివన్ వచ్చింది. సన్నటి పిల్ల. ఒంటి మీద వంటింటి ఉల్లివాసన ఇంకా పోలేదు గానీ, జుట్టు దువ్వి ముడిచి, భుజం మీదుగా పండగ ఉత్తరీయం వేసుకుంది. చేతిలో వెండిగిన్నె.

“అత్తయ్యా, మామయ్యా, అట్లాగే కూర్చోండి, లేవద్దు.” వంగి మోకాళ్ళ మీద కూర్చుంది. “పెళ్ళయ్యాక మొదటి పండగ. మా అమ్మ పోయినప్పటి నుంచి పెద్దవాళ్ళ చేతుల మీద నీళ్ళు పొయ్యలేదు నేను. ఎవరూ లేక. మీరొస్తున్నారని ఈయన చెప్పిన దగ్గర్నుంచీ…” నవ్వేసింది.

చంథా మొహం విచ్చుకుంది. “ఎంత పనిమంతురాలివే తల్లీ. రా.”

ఇద్దరూ చేతులు జోడించి ముందుకు చాపి, కళ్ళు మూసుకున్నారు. పెద్దవాళ్ళు ఆ నీళ్ళు పట్టేటప్పుడు మనసు కుదురుగా ఉండాలి. మధ్యలో చేతులు లాక్కుంటే, మొహం చిట్లిస్తే, దీవెన అడిగిన బిడ్డకు ఏడాదంతా అచ్చిరాదంటారు.

నీళ్ళు పడ్డాయి. చల్లగా, సన్నటి ధారగా, అతని వేళ్ళ మీదినుంచి.

“తెలిసి చేసిన తప్పులూ తెలియక చేసిన తప్పులూ, మాటతో, చేతితో, మనసుతో చేసినవన్నీ మన్నించి…” మణివన్ మెల్లగా చెబుతోంది.

సీథన్ ముక్కుకు ముందు చంపా పూలు తగిలాయి. వాటి వెనక ఇంకో వాసన. నాచుపట్టిన రాతి వాసన, పండుటాకు వాసన. పుట్టిన దగ్గర్నుంచి తాగిన వాసన.

అతను కళ్ళు తెరిచాడు.

వాళ్ళు కళ్ళు మూసుకోగానే వాసం మీంచి దింపినట్టుంది, ఆ పిల్ల ఒళ్ళో సొరబుర్ర ఉంది. సగం గిన్నెలోకి వంపింది, సగం బుర్రలోనే ఉంది. పూలు కుక్కిన బుర్ర అత్త తెచ్చిందంటే పండగ నీళ్ళు కాక మరేమిటి? పల్లెల్లో పెద్దవాళ్ళు అలాగే పూలు వేసి తెస్తారు. దాని తప్పేముంది? సగం ఇంకా మిగిలి ఉంది. ఒక్క మాట చాలు. ఆగమ్మా అంటే చాలు.

మణివన్ తల వంచుకుని ఉంది. కనుకొసల్లో తడి. “అమ్మకు పొయ్యాల్సినవి కూడా మీకే పోస్తున్నా,” అంది మంత్రం మధ్యలో, మంత్రంలో లేని మాట.

సీథన్ కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరవకపోవడం అతనికి కొత్త కాదు గానీ, ఆ ఒక్కసారి కష్టమైంది. గిన్నె రెండోసారి నిండింది. నీళ్ళు చంథా చేతుల మీద పడ్డాయి. తర్వాత మళ్ళీ అతని చేతుల మీద. చివరి బొట్టు దాకా.

“పదికాలాలు చల్లగా ఉండు. కడుపు పండాలి. ఇంట్లో ధాన్యం, ఒంట్లో బలం, వాకిట్లో నవ్వు,” అని చంథా దీవించి, ఉత్తరీయం కొసన ఉన్న తెల్లదారం తీసి ఆ పిల్ల మణికట్టుకు కట్టింది. సీథన్ ఇంకో చేతికి కట్టాడు. మణివన్ తువ్వాలు అందించబోయింది. చంథా తుడుచుకోలేదు. తడిచేతులు రెండూ అతని తొడ మీద, విరిగి అతికిన చోట ఆనించి, మోకాలి దాకా రుద్దింది. ఆమె రోజూ రాత్రి రుద్దేదే. సీథన్ పట్టించుకోలేదు.

“అన్నం వండేస్తా, సాయంత్రానికి ఓలామ్ కూర చేస్తా. మామయ్యకు ఇష్టమని ఈయన చెప్పాడు,” అని మణివన్ లోపలికి పరిగెత్తింది. పోతూ పోతూ ఖాళీ బుర్రను జాగ్రత్తగా వాసానికే తగిలించింది.

చంథా తల ఆరబెట్టుకోవడానికి పెరటివైపు వెళ్ళింది. సీథన్ బుర్ర దింపి ఊపి చూశాడు. చప్పుడు లేదు. ఇంటి పక్కన చూరు కింద వాననీళ్ళు పట్టే పెద్ద మట్టికుండ ఉంది. నిన్న రాత్రి చినుకులు కూడా దాంట్లో పడే ఉంటాయి. కొబ్బరిచిప్పతో బుర్ర నింపాడు. పూలు మళ్ళీ మూతికి కుక్కాడు. నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నాడు. చంథా రాత్రిళ్ళు నిద్రపోతుంది. అన్నం తింటుంది. ఆ పిల్ల చేతిదారం మీద ఎవరి ఏడుపూ పడదు. ఈ మాట కడుపులో పెట్టుకోగలవాడు ఈ భూమ్మీద ఒకడుంటే అది తనే.

బుర్ర బరువు సరిగ్గా పొద్దుటంతే ఉంది. అయినా వాసానికి తగిలించేటప్పుడు చెయ్యి బరువెక్కింది.

*

గుడి ముంగిట్లో జనం పల్చబడలేదు. ఫొమ్మా తల గోక్కుని, “ఇవాళ అందరూ అన్నాలు మానేసినట్టున్నారు” అన్నాడు. సాయంత్రం వస్తానని బండి తిప్పుకుపోయాడు.

ప్రబాంగ్ బుద్ధుడు పూలమండపంలో నిలబడి, రెండు అరచేతులూ ముందుకు చాపి ఉన్నాడు. చాలు, ఆగండి అంటున్నట్టు. నాగుపాములా చెక్కిన పొడుగాటి కొయ్యదోనెలు మండపం దాకా సాగి ఉన్నాయి. జనం చిన్న నిచ్చెన ఎక్కి తోక దగ్గర నీళ్ళు పోస్తే, అవి పాము ఒంటి పొడుగునా జారి, నోట్లోంచి స్వామి మీద పడుతున్నాయి. కింద కాలువలోంచి ఆ నీళ్ళను సీసాల్లో పట్టుకుపోయేవాళ్ళు ఇంకో పక్క.

సీథన్ బుర్రను రెండు చేతులా పట్టుకుని వరుసలో నడిచాడు. పక్కన చంథా. ఆమె మాట్లాడటం లేదు. ఆమె మాట్లాడకపోతే అతనికి దారి తెలియదు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడింది. వరుస జరిగింది. ముందు ఒక ముసలాయన, ఆయన ముందు మనవరాలిని ఎత్తుకున్న ఒకామె. పాము తోక దగ్గరపడింది.

సీథన్ ఆగిపోయాడు.

“తాతా, కదులు,” వెనక నుంచి ఒక లావుపాటి ఆవిడ. “నువ్వు ఆలోచించే లోపల స్వామి ఆరిపోతాడు.”

అతను కదల్లేదు. “ఇవి మన నీళ్ళు కావు,” అన్నాడు.

చంథా ముందుకే చూస్తూ ఉంది. “ఊఁ.”

“కుండలోవి. వాళ్ళ కుండలోవి. నేనే నింపాను.”

“ఊఁ.”

“మనవి ఆ పిల్ల…”

“మన చేతుల మీద పోసింది. తెలుసులేవయ్యా.” ఆమె ఇప్పుడు అతని వైపు తిరిగింది. “నాకు ముక్కు లేదా? నలభై ఏళ్ళు మోసిన నీళ్ళు. మొదటి చుక్కకే తెలిసింది.”

తన తొడ మీద ఆమె తడిచేతులు ఆనిన సంగతి సీథన్‌కు ఇప్పుడు అర్థమైంది. “మరి ఎందుకు చెప్పలేదు?”

“తల్లిలేని పిల్ల. మొదటి పండగ. చేతులెట్లా లాక్కోను? నువ్వు లాక్కున్నావా?”

“అది కాదు. తర్వాత. నేను నింపి తెస్తుంటే.”

“చూద్దామనుకున్నా. చెప్తావా, మింగేస్తావా అని.”

“చెప్పకపోతే?”

“ఇంటికి పోయాక ఏడాది పొడుగునా నేను చెప్పేదాన్ని.”

“అమ్మా, సంసారం ఇంటికెళ్ళి చేసుకోండి,” అంది వెనకావిడ. చుట్టూ నలుగురు నవ్వారు. “నేను కూడా మా ఆయన్ని తిట్టాలి, తొందరగా పొయ్యండి.”

“పోస్తున్నాం పోస్తున్నాం. నీ మొగుడెక్కడికీ పోడులే,” అని చంథా, సీథన్ మోచేయి పట్టుకుని నిచ్చెన మొదటి మెట్టు మీదికి తోసింది. అతను బుర్ర వంచబోయి ఆగి, ఆమె వైపు చూశాడు. ఆమె చేతులు జోడించింది. గుళ్ళో మాట్లాడే గొంతు కాదు, సంతలో బేరమాడే గొంతుతో మొదలుపెట్టింది.

“స్వామీ, విను. ఇవి మా మేనల్లుడి ఇంటి కుండనీళ్ళు. మంచివే, వాననీళ్ళు. కానీ మొక్కు నీళ్ళు కావు. దొంగలెక్క నాకొద్దు, నీకొద్దు. మొక్కు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. మా ఊటనీళ్ళు ఈ మనిషే మొయ్యాలి, ఈ మనిషే పొయ్యాలి. అట్లా మాటైంది మనకు. అంటే వచ్చే పండగ దాకా ఇతను నడుస్తూ ఉండాలి. మొక్కు బాకీ ఉన్నవాడి కాలు విరగనిస్తే నష్టపోయేది నువ్వే. ఆలోచించుకో.”

వెనకావిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. “అయ్యో, ఈమె స్వామినే ఇరకాటంలో పెట్టిందే!”

సీథన్ నీళ్ళు పోశాడు. అవి చంపా రెక్కలను మోసుకుంటూ పాము వీపు మీదుగా జారి, స్వామి తల మీద పడి, చాచిన అరచేతుల మీంచి కారాయి. అతను నిచ్చెన దిగాడు. కిందికి దిగేటప్పుడు ముందు ఏ కాలు పెట్టాడో అతనికి గుర్తులేదు. లేచి నడిచిన దగ్గర్నుంచీ ఎక్కడ దిగినా అది గుర్తుపెట్టుకునే దిగేవాడు.

ముంగిట్లోకి వచ్చాక చంథా ఉత్తరీయం కొస తడిపి అతని చెంప మీది మసిగీత తుడిచింది. “ఇందాకణ్ణుంచి దీంతోనే నిలబడ్డావు స్వామి ముందు. సిగ్గులేదూ?”

“నువ్వు చెప్పలేదు.”

“అన్నీ నేనే చెప్పాలా?” తలెత్తి ఎదురుగా చూసింది. మధ్యాహ్నపు గాలి లేచింది. పొగ విడిపోతోంది. వీధి అవతల కొండ మొదట్లో తెల్లటి మెట్లు, పైకి పోతూ చెట్లలో కలిసిపోతున్నాయి. “పొద్దున కొండ అన్నావు. ఏముంది అక్కడ?”

సీథన్ కొండ కొసన గోపురం వైపు చూశాడు. “ఒక చీమ,” అన్నాడు.

“ఏంటో నీ మాటలు. పద. ఆ కాలు ఇంకో ఏడాది నడవాలంటే ఎంత నడుస్తుందో చూసుకోవద్దూ?”

మెట్ల దగ్గర వెదురుగూళ్ళలో పిట్టలు అమ్మే ఆవిడ పిలిచింది. వదిలేస్తే పుణ్యమంది. చంథా, “మా ఇంటి దగ్గర అవే తిరుగుతాయమ్మా, పుణ్యం రోజూ నెత్తి మీదే పడుతోంది” అని దాటేసింది. సగం కొండకు వచ్చేసరికి చంథా చెట్టు మొదట్లో కూలబడింది. “నువ్వు పో. నాకు ఊపిరి ఆడ్డం లేదు.” సీథన్ పోలేదు. పక్కన నిలబడి, పరదేశీయులు చెమటలు కక్కుతూ దాటిపోవడం చూస్తూ, ఆమె లేచేదాకా ఆగాడు. ఏడాదంతా ఆమె అతని కోసం ఆగింది. మెట్ల మీద ఇలా ఆగడం అతనికి బాగుంది.

పైన గోపురం చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. అందరూ పడమటి వైపు, సూర్యుడికి ఫోన్లు చూపిస్తూ నిలబడ్డారు. పొద్దున బొప్పాయి ముక్కలా ఉన్నవాడు ఇప్పుడు నిండు పండై నది మీదికి ఒరుగుతున్నాడు. సీథన్ సూర్యుణ్ణి చూడలేదు. గోడ పట్టుకుని కిందికి వంగి, కొబ్బరిచెట్ల తలలు, గుడికప్పులు దాటి నది ఒడ్డున వెతికాడు. ఇసకతిన్నె కాస్త జరిగింది గానీ, ఉంది. పండక్కి కట్టిన ఇసక గోపురాలు దాని మీద పుట్టగొడుగుల్లా ఉన్నాయి. వాటి మధ్య ఎవరో ఒకడు కూర్చుని ఉన్నాడు. పడవకు కాపలా కాబోలు.

“అక్కడ,” అన్నాడు వేలు చూపిస్తూ.

చంథా అతని వేలి వెంట చూసింది. ఏం చూడాలో ఆమెకు తెలియలేదు. అయినా చాలాసేపు చూసింది.

*

మణివన్ అరుగు మీద వెదురుపీట వేసి అన్నీ అమర్చింది. ఓలామ్ మట్టికుండలో ఇంకా ఉడుకుతూనే ఉంది. వంకాయ, ఎండిన గేదెతోలు, నమిలి ఉమ్మేసే కారపు తీగచెక్క. నువ్వులు చల్లి వేయించిన ఏటినాచు, మిరపతొక్కు. జిగురన్నం వెదురుబుట్టలో మూతకింద ఆవిరి కక్కుతోంది. ఫొమ్మా కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

“ఇంతకీ అత్తయ్యా, మొక్కు తీరిందా?”

మణివన్ చెయ్యి గరిట మీద ఆగింది. “మొక్కా? ఏం మొక్కు?”

సీథన్ అన్నం ముద్ద చేస్తూ తలెత్తలేదు.

“తీరుతుంది,” అంది చంథా. “వచ్చే పండక్కి. స్వామితో మాట్లాడేశాను. ఈసారి రెండు బుర్రలు తెస్తాం తల్లీ. ఒకటి స్వామికి, ఒకటి నీకు. పెద్దది నీకు.”

“నాకెందుకత్తయ్యా?”

“మళ్ళీ మా చేతుల మీద పొయ్యవూ? మా ఊటనీళ్ళు బాగుంటాయి. నీ చేత్తో పోస్తే ఇంకా బాగున్నాయి.”

మణివన్ సంతోషంగా అన్నం బుట్ట అత్తయ్య దగ్గరికి జరిపింది. ఫొమ్మా మామ వైపు, అత్త వైపు, వాసానికి వేలాడుతున్న బుర్ర వైపు చూసి, “అది కాదు, అసలు…” అని మొదలుపెట్టబోయాడు.

“తిను,” అన్నాడు సీథన్.

అందరూ తినసాగారు. తీగచెక్క నమిలే చప్పుడు, కుండ అడుగు గీరే గరిట. వీధి చివర ఎక్కడో ఆఖరి బిందె, దాని వెనక ఒక కేక, నవ్వు. చంథా ఒక ముద్ద ఓలామ్‌లో ముంచి తింది. రెండోది తొక్కులో అద్దుకుంది. మూడోది చేతిలోకి తీసుకుంది. సీథన్ నీళ్ళ కోసం లేచి, మెట్లు దిగి కుండ దగ్గరికి వెళ్ళాడు. కొబ్బరిచిప్ప ముంచి, కావాలనే కాస్త నెమ్మదిగా, మెట్లు ఎక్కి వచ్చాడు.

ఆమె అటు చూడలేదు. నాలుగో ముద్ద కోసం బుట్టలో చెయ్యి పెట్టి, ఇంకా వేడిగా ఉన్న చోటు వెతుకుతోంది.